ఐమూలగా దాటని ఆర్జియా

నలభై ఏళ్లు అప్పడాల కర్రతో పిండి వత్తి, లోపల మాంసం పెట్టి తోర్తెల్లీనీలు చుట్టిన చెయ్యి ఆర్జియాది. అరవై అయిదో ఏట ఆ కర్ర గోడకు తగిలించి, ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో చరిత్ర చదవడానికి చేరింది. ఆ రోజు నుంచీ ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద చౌకును ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా దాటడం మానేసింది. అలా దాటిన విద్యార్థికి పట్టా రాదని అక్కడ అందరికీ తెలుసు. నవ్వేవాళ్లున్నారు గానీ, దాటి చూసే విద్యార్థి లేడు. మొగుడు గ్వాల్తియేరో మాత్రం నడిమధ్య నుంచి నింపాదిగా వెళ్లి, అవతలి మూల ఐస్‌క్రీమ్ తింటూ ఆవిడ కోసం ఎదురుచూసేవాడు.

మూడేళ్లకు ఆఖరి పరీక్ష వచ్చింది. పదింటికి ఆచార్యుల ముందు నిలబడి తను రాసిన వ్యాసం గురించి మాట్లాడాలి. పిలిచినప్పుడు లేకపోతే మళ్లీ చలికాలం దాకా ఆగాల్సిందే. బస్సు ఆలస్యమై, చౌకు దగ్గర దిగేసరికి ఇంక పన్నెండు నిమిషాలే ఉన్నాయి. తీరా చూస్తే సాయంత్రం కచేరీకని అంచుల వెంట కంచె కట్టేశారు. పోలీసాయన మధ్యలోంచి వెళ్లమని చెయ్యి చూపించాడు.

"నువ్వు పెద్ద చదువు చదివావా నాయనా?" అనడిగింది ఆర్జియా. ఆయన లేదన్నాడు.

"అదీ సంగతి," అంది.

ఒక్క క్షణం ఆలోచించి, నాలుగడుగులు తిన్నగా వేసింది. ఆగింది. కుడివైపు తిరిగి మరో నాలుగు వేసింది. మళ్లీ తిన్నగా.

"ఏమే, పీతలాగా ఆ నడకేంటి?" అన్నాడు వెంటే వచ్చిన గ్వాల్తియేరో. "అక్కడ నీ పేరు పిలిచేస్తారు."

"ఐమూలగా వెళ్తేనే తప్పు. మెట్లు మెట్లుగా వెళ్తే కాదు. మాట్లాడించకు, లెక్క తప్పుతా."

ఊరు చూడ్డానికొచ్చిన జర్మన్లు పదిమంది, ఇదేదో పాతకాలపు ఆచారమనుకుని, ఆవిడ వెనకే వరసకట్టి తిరగడం మొదలుపెట్టారు. ఒకాయన టోపీ కూడా తీశాడు.

విశ్వవిద్యాలయం గుమ్మంలో కాలు పెట్టగానే లోపల ఆర్జియా పేరు వినిపించింది. రొప్పుతూనే "ఉన్నా" అంది. గంట తర్వాత నెత్తిన, పట్టా వచ్చినవాళ్లకు పెట్టే లారెల్ ఆకుల దండతో బయటికొచ్చింది.

తిరిగి చౌకు దగ్గరకొచ్చాక గ్వాల్తియేరో చెయ్యి అందించాడు. "ఇంక హాయిగా మధ్యలోంచి పోదాం పదవే."

ఆర్జియా ఆకుల దండ సర్దుకుంది. "నువ్వెళ్లు. పైచదువు ఇంకో రెండేళ్లుంది. నిన్ననే పేరిచ్చేశా."

గ్వాల్తియేరో అక్కడి చర్చి మెట్ల మీద కూలబడ్డాడు. "మరి భోజనానికి ఎప్పటికి చేరతామే?" అన్నాడు.