పదకొండు ట్యాబ్‌లు, ఒక ఎంటర్

సొన్నప్ప అంటే నాకు మొదటి రోజు నుంచే పడలేదు. బొమ్మసంద్రలో పంపు షాఫ్టులు చేసే కార్ఖానా అది. షాఫ్టుల కొలతలు చూసే గది ఇరవై రెండేళ్లుగా అతనిది. అడుగుపెట్టగానే నన్ను చెప్పులు విప్పమన్నాడు. కుర్చీ మాత్రం చూపించలేదు. నా పేరైనా అడక్కుండా, "ఈసారి ఆడపిల్లను పంపించినారా?" అని గోడకు చెప్పుకున్నాడు.

నేను కుందలహళ్ళిలోని ఒక చిన్న సర్వీసు కంపెనీ తరఫున వెళ్లాను. కొలత యంత్రాన్ని నడిపే పాత లైనక్స్ కంప్యూటర్ చచ్చిపోతే, దాని డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేసి, కొత్త కంప్యూటర్ లోపలే పాతది నడిచేలా వర్చువల్ మెషీన్‌గా నిలబెట్టాను. ప్రాణం వచ్చింది కానీ చూపు రాలేదు. ఆ ముసలి లైనక్స్‌కి ఈ కొత్త డిస్‌ప్లే ఏమిటో తెలియదు. తెర ఆరువందల నలభై చుక్కల వెడల్పు దగ్గరే బిగుసుకుపోయింది. కొలతల ప్రోగ్రాం దానికంటే చాలా పెద్దది. బటన్లన్నీ ఉన్న కింది సగం తెర అంచు కిందకు పోయింది.

మేనేజర్ అమరనాథ్ నాతో అసలు విషయం సొన్నప్ప ఎదుటే చెప్పేశాడు. తెర బాగయ్యేదాకానే సొన్నప్ప. బాగయ్యాక ఎవరైనా చూసి నొక్కొచ్చు కాబట్టి, కొత్తగా చేరిన డిప్లొమా వాళ్లలో ఒకరిని అక్కడ కూర్చోబెట్టి, అతన్ని ఆనేకల్ గోదాముకు పంపుతారు. ఆ గోదాముకు వెళ్లినవాళ్లు ఆర్నెల్లలో రాజీనామా రాసిచ్చేస్తారని కార్ఖానాలో అందరికీ తెలుసు.

సొన్నప్పకు బటన్లు కనబడనక్కర్లేదు. ఎప్పుడో మౌస్ పాడైతే కంపెనీ కొత్తది కొనివ్వలేదట. అప్పటి నుంచి అన్నీ కీబోర్డు మీటలతోనే. పదకొండు సార్లు ట్యాబ్, ఒక ఎంటర్ కొడితే కొలత మొదలు. మూడు ట్యాబ్‌లు, ఎంటర్ కొడితే కాగితం మీద రిపోర్టు. నేను ఆ సగం తెరతో కుస్తీ పట్టే వేళల్లో పక్కకు జరిగి, గుండుసూదితో పళ్లు కుట్టుకుంటూ నన్నే చూసేవాడు. నాకు ఒళ్లు మండేది.

నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకుంటే దారి దొరికింది. డిస్‌ప్లే సెట్టింగుల ఫైలులో పాత డ్రైవర్ పేరు కొట్టేసి, ఏ కార్డుకైనా పనికొచ్చే వెసా డ్రైవర్ పెట్టాను. మానిటర్ ఎంత వేగాన్ని తట్టుకోగలదో ఆ అంకెలు కూడా నేనే రాశాను. తెర నిండుగా వచ్చింది. బటన్లన్నీ కనిపించాయి. గర్వంగా సొన్నప్ప వైపు తిరిగితే, అతను టీ గ్లాసు కడుక్కోవడానికి లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు అమరనాథ్ ఫోన్ చేశాడు. తెర మళ్లీ చిన్నదైందట. హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో పడి వెళ్లి సరిచేశాను. తెల్లారేసరికి మళ్లీ అంతే. మూడోసారి అమరనాథ్ నన్ను అందరిలో కడిగేశాడు. మా కంపెనీ నుంచి హెచ్చరిక మెయిల్ కూడా వచ్చింది. నా పని మీద నాకే నమ్మకం పోయింది.

అప్పటికి గాని, ఎప్పుడేం జరిగిందో కొత్త కంప్యూటర్ రాసిపెట్టుకునే లాగ్ తెరిచి చూడాలని తోచలేదు. రోజూ సాయంత్రం ఐదు నలభైకి, షిఫ్టు ముగిసే వేళ, ఎవరో మెషీన్‌ను స్నాప్‌షాట్‌కి వెనక్కి తిప్పుతున్నారు. స్నాప్‌షాట్ అంటే మెషీన్ ఒకనాడు ఎలా ఉందో అలా దాచిపెట్టిన ప్రతి. దానికి తిప్పితే ఆ తర్వాత చేసిందంతా చెరిగిపోతుంది. ఏదైనా మొరాయిస్తే ఇలా తిప్పమని మొదటి రోజు సొన్నప్పకు నేర్పింది నేనే.

పక్కకు పిలిచి అడగొచ్చు. అడగలేదు. లాగ్ ప్రింటు తీసి, అమరనాథ్‌ను ఆ గదికే తీసుకొచ్చి, సొన్నప్ప ఎదుటే తేదీలతో సహా చదివి వినిపించాను. అబద్ధమెందుకు, చదువుతుంటే నాకు సంతోషంగానే ఉంది.

సొన్నప్ప బొంకలేదు. "నేనే సార్ నొక్కింది. తెర బాగుంటే నాకీడ పనేముండాది?" అన్నాడు.

సోమవారం నుంచి ఆనేకల్ వెళ్లమన్నాడు అమరనాథ్. సొన్నప్ప ఒక్కటి చూసి పొమ్మని అతన్ని ఆపి, మానిటర్ ఆఫ్ చేశాడు. షాఫ్టు బిగించాడు. నల్లటి తెర ముందు నిలబడి పదకొండు ట్యాబ్‌లు, ఎంటర్ కొట్టాడు. యంత్రం చప్పుడు వింటూ ఆగాడు. నాలుగు ట్యాబ్‌లు, బాణం మీట, ఎంటర్. మళ్లీ ఆగాడు. మూడు ట్యాబ్‌లు, ఎంటర్. ప్రింటర్ కదిలింది. రిపోర్టులో ఒక్క అంకె తప్పు లేదు. ఇప్పుడైనా ఉండమంటాడేమోనని సొన్నప్ప మేనేజర్ ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

అమరనాథ్ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు. "ఈ కీస్ ఆర్డర్ ఎప్పుడూ ఇదే కదా? వాటంతట అవే నొక్కుకునేలా స్క్రిప్ట్ రాసేయొచ్చా? అప్పుడు డిప్లొమా వాళ్లు కూడా అక్కర్లేదు."

రాయొచ్చు అన్నాను. సొన్నప్ప నా చేతిలోని లాగ్ కాగితం వైపు చూశాడు. అతను నొక్కుతున్నంతసేపూ దాని వెనుక ఒక్కొక్క మీటా నేను రాసుకుంటూనే ఉన్నాను. యంత్రం కోసం ఎన్ని సెకన్లు ఆగాడో కూడా రాసుకున్నాను.