ఊ కొట్టే మనిషి

ఎనభైల మొదట్లో అమెరికాలో, మెయిన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన, బంగాళాదుంప పొలాల మధ్య ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మావారు అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. అందులో ఒకరు ఇంటికి రాగానే సోఫాలో నిద్రపోయేవారు. నేను ఏదైనా చెప్పబోతే రెండో వాక్యానికే గురక. ఒళ్లు మండేది.

ఆ ఏడు నాకు కడుపు పోయింది. దాని గురించి మేం మాట్లాడుకున్న నాలుగు మాటలూ ఇంగ్లీషులోనే, ఆసుపత్రి భాషలోనే. తెలుగులో ఎవరికైనా మొదటినుంచీ చెప్పుకుని ఏడవాలని ఉండేది.

“లైబ్రరీలో ఏదో టాక్ ఉందట. డ్రాప్ చేస్తాను, వెళ్లు. బోర్ కొట్టకుండా ఉంటుంది,” అన్నారు ఓ శనివారం. నన్ను అక్కడ దింపేసి పడుకుందామని ఆయన ఎత్తు. వెళ్లాను.

మాట్లాడింది ఒక మిక్మాక్ పెద్దావిడ. తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఆ వైపు ఉన్న ఆదివాసులు వాళ్లు. ఒళ్లో యాష్ అనే చెట్టు బద్దలు పెట్టుకుని బుట్ట అల్లుతూ చెప్పింది. దుంగను మోదుతూ పోతే పొరలు పొరలుగా ఎలా ఊడొస్తుందో, దుంపలు ఏరడానికి రైతులు వాళ్ల బుట్టలే ఎలా వాడేవారో, బడిలో సొంత భాష మాట్లాడిన పిల్లల్ని ఎలా కొట్టేవారో, అన్నీ ఒకే గొంతుతో చెప్పింది.

తర్వాత వాళ్ల అమ్మమ్మ కథ ఒకటి ఎత్తుకుంది. నా నోట్లోంచి “ఊఁ” అని వచ్చేసింది. మా ఇళ్లల్లో కథ వినేవాళ్లు ఊ కొట్టకపోతే చెప్పేవాళ్లు ఆపేస్తారు. ఇంకో రెండుసార్లు కొట్టేసరికి ముందు వరసలో తలలన్నీ నావైపు తిరిగాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

అయ్యాక ఆవిడే వచ్చి ఆ చప్పుడేమిటని అడిగింది. చెప్పాను.

“మాలో ఒకరు మాట్లాడుతుంటే, వాళ్లు ముగించేదాకా మిగతావాళ్లు కిక్కురుమనరు. అదే మర్యాద,” అంది. కాస్త ఆగి, “నువ్వు మాత్రం మానకు. బాగానే ఉంది,” అంది.

ఆ చలికాలమంతా ప్రతి శనివారం వెళ్లి ఊ కొట్టాను. జనం మాత్రం వారం వారం పలచబడ్డారు. మార్చిలో ఓ శనివారం నేనొక్కదాన్నే మిగిలాను. లైబ్రరీ అమ్మాయి ఆపేద్దామంటే పెద్దావిడ ఒప్పుకోలేదు. ఇంగ్లీషు పక్కన పెట్టి, కథంతా తన భాషలోనే చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గొంతు దిగినచోటల్లా ఊ కొట్టాను.

“మా అక్క పోయాక ఇది మా భాషలో చెప్పడం ఇదే మొదటిసారి,” అంది చివర్లో. “ఇప్పుడు నువ్వు చెప్పు. నీ భాషలో.”

చెప్పడం మొదలుపెట్టాను. పుట్టబోయే బిడ్డకి మనసులో పెట్టుకున్న పేరు, ఆ తెల్లవారుజామున వచ్చిన నొప్పి, ఆసుపత్రి మంచం దాకా వచ్చాను. ఆవిడ బుట్ట పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, కళ్లు దించుకుని వింటోంది. ఉలుకూ పలుకూ లేదు. నాకివ్వగలిగిన గౌరవమంతా అందులో ఉందని తెలుసు. కానీ ఆగినచోట ఒక ఊ పడితే తప్ప నాకు మాట ముందుకు రాదు. ఆగాను. ఆవిడ చాలాసేపు ఎదురుచూసింది. ముగించాననుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మిగతాది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.