ఆరు రోజులు తక్కువ చూపిన ప్రోగ్రాం

చనిపోయినవాళ్ళు మన మధ్య తిరుగుతారనే మాట నేను ఏనాడూ నమ్మలేదు. పోయినవారి సంగతి అల్లాహ్ చేతిలో ఉంటుందని చిన్నప్పుడు మదరసాలో నేర్చుకున్నాను, ఇప్పటికీ అదే నమ్ముతాను. అందుకే ఇది దయ్యం కథ అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయని వై2కె పనులు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, కానింగ్ వేల్ అనే పేటలోని ఒక ఆఫీసులో, రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో చెప్పే చిన్న ప్రోగ్రాం రాశాను. ప్రతి తేదీనీ ఒక వరస సంఖ్యగా మార్చి, పెద్దదాన్లోంచి చిన్నది తీసేయడమే.

అప్పుడు మా మసీదుకు వచ్చే షమీమ్ ఆపా ఇద్దత్‌లో ఉన్నారు. గల్ఫ్‌లో పనిచేసే ఆమె భర్త ప్రమాదంలో పోయారని అక్కడి స్నేహితుడొకాయన ఫోన్ చేసి చెప్పాడు. భర్త పోయిన స్త్రీ ఇంటిపట్టున గడపాల్సిన ఈ ఇద్దత్ గడువు మా ఇమామ్ లెక్కలో నూట ముప్పై రోజులు. వచ్చే సోమవారం నుంచి రాకపోతే వేరేవాళ్ళని చూసుకుంటామని ఆమె పనిచేసే చైల్డ్‌కేర్ వాళ్ళు అన్నారట. గడువు ఎప్పటికి తీరుతుందో చూడమని ఆపా నన్నడిగారు.

క్యాలెండర్ మీద లెక్కపెడితే ఆ సోమవారానికి ముందు శుక్రవారానికి సరిగ్గా నూట ముప్పై. ప్రోగ్రాం నూట ఇరవై నాలుగు అంది. లెక్క తికమకపడటానికి మధ్యలో ఫిబ్రవరి లేదు, సంవత్సరమూ మారలేదు. వేరే ఏ తేదీ ఇచ్చినా లెక్క సరిపోతోంది. ఆయన పోయిన తేదీ ఇస్తేనే ఆరు తక్కువ.

పక్క సీటు సుధాకర్ మీద అనుమానం వచ్చి నిలదీశాను.

"నీ కోడ్ టచ్ చేసే ధైర్యం నాకెక్కడిది సాయిబూ? రాసిన నీకే అర్థం కావట్లేదు," అని నవ్వాడు.

ఇంటి కంప్యూటర్లో మొదటి నుంచి మళ్ళీ రాశాను. అదే నూట ఇరవై నాలుగు.

ఆపాకు ఫోన్ చేసి, కంప్యూటర్ ఆరు రోజులు తక్కువ చూపుతోంది, దానిదే తప్పు, చేతిలెక్కే ఖాయం అన్నాను.

"రాసింది నువ్వే కదా తమ్ముడూ, ఎందుకు తప్పుతుంది?" అన్నారు. "రేపు అల్లాహ్ ముందు ఆరు రోజులు తక్కువైతే నేనేం చెప్పుకోను? జాబ్ పోతే పోనీ. కూర్చుంటాను."

ఉద్యోగం పోయింది.

నెల తర్వాత మరణ ధ్రువపత్రం వచ్చింది. ఆయన ప్రమాదం జరిగిన రోజు పోలేదు. స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఆరు రోజులున్నారు. ఫోన్ చేసిన స్నేహితుడు కళ్ళారా చూసి కాదు, క్యాంపులో ఎవరో అంటే విని చెప్పాడు.

ఆ స్నేహితుడు చెప్పిన పాత తేదీ, ఆ శుక్రవారం తేదీ మళ్ళీ ఇచ్చి చూశాను. నూట ముప్పై అని వచ్చింది. ఆ తర్వాత ఎన్నడూ తప్పలేదు.

అల్లాహ్ దయ, ఇక తవ్వకు అన్నారు ఇమామ్. దయేనని నేనూ నమ్ముతాను. కానీ తీసివేత తప్ప మరేమీ తెలియని ఆ నాలుగు లైన్లకు ఆ సంగతి ఎలా తెలిసిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆపా మాత్రం ప్రోగ్రాం గురించి ఒక్క మాటా అడగలేదు.

"ఆ ఆరు రోజులూ ఆయన బాగుపడాలని మనం ఎవ్వరమూ దుఆ చెయ్యలేదు కదా తమ్ముడూ," అన్నారు.