శనివారం భజన, నా డ్యూటీ

మా నారాయణపేటలో భజన మండలికి పెద్ద మా పెద్దమ్మే. నాకు శ్లోకాలు నేర్పిందీ ఆమే. పోలియో కాళ్లతో గుడి మెట్లు ఎక్కలేను కాబట్టి పక్కన ర్యాంపు కట్టించమని మండలిని ఏళ్ల తరబడి అడిగాను. చివరకు వాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. ర్యాంపు కట్టలేదు. శనివారం సాయంత్రం భజననే మా ఇంటికి మార్చారు. నన్నెవరూ అడగలేదు.

అప్పటికి నాకు ఉద్యోగం దొరికి రెండు నెలలు. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంటి నుంచే ఫోన్లకు జవాబు చెప్పే పని ఇచ్చింది. షరతు ఒక్కటే: కాల్‌లో ఇంటి చప్పుడు వినిపించకూడదు. వినిపిస్తే ఆఫీసుకే వచ్చి పనిచేయాలి. ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. అంటే ఉద్యోగం పోయినట్టే. ఇంట్లోనే చీరలు నేసే మా నాన్న, బాపు, నా డ్యూటీ వేళ మగ్గం ఆపేసి, తెల్లవారుజామునే లేచి నేసుకునేవాడు.

మండలికి ఇదేమీ తలకెక్కలేదు. ఇంట్లో కూర్చున్న మనిషికి పనేముంటుందని వాళ్ల నమ్మకం. మొదటి శనివారం నేను ఒకామెకు ఇన్సూరెన్సు కాగితాల సంగతి చెబుతుండగానే తాళాలు, డోలక్ మొదలయ్యాయి. గుళ్లో కూర్చుని మాట్లాడుతున్నావా అని ఆమె అడిగింది. మర్నాడు సూపర్‌వైజర్ హెచ్చరిక పంపాడు. మళ్లీ జరిగితే ఆఫీసుకు రావలసిందేనన్నాడు.

పెద్దమ్మకు చెప్పి చూశాను.

"దేవుడే నీ ఇంటికొస్తాంటే వద్దంటవా బిడ్డా?"

"దేవుడు రానీ పెద్దమ్మా. డోలక్ వద్దు."

"ఫోన్ల మాట్లాడుడు గూడ ఒక కొలువేనా? జరసేపు పక్కన పెట్టరాదు."

హారతి పట్టుకున్న పూజారితో జరసేపు పక్కన పెట్టమని ఎవరైనా అంటారా? పెద్దమ్మ పారాయణంలో ఒక్క అక్షరం తప్పినా ఊరుకోని మనిషి. ఎదుటివాళ్ల అవసరం తెలుసుకుని చేసేదే సేవ అని మాకు నేర్పిన మనిషి. నాకు కావలసింది మెట్ల పక్కన ఇంత సిమెంటు. వాళ్లకు మాత్రం నా గుమ్మంలో చెప్పులు విప్పితేనే పుణ్యం.

తర్వాతి శనివారం బాపుతో లోపల గడియ పెట్టించాను. వాళ్లు వచ్చి తలుపు తట్టారు. పెద్దమ్మ రెండుసార్లు పిలిచింది. బాపు నా వైపు చూశాడు. తెరవొద్దని తల అడ్డంగా ఊపాను. వాకిట్లో తాళాలు ఒకసారి మోగి ఆగిపోయాయి.

"పోతున్నం తియ్యి," అన్నది పెద్దమ్మ.

భజనకు తలుపు మూసినందుకు తప్పు చేసినట్టే అనిపించింది. కోపం మాత్రం తగ్గలేదు. వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో కాల్ వచ్చింది. ఈసారి అవతలి మనిషికి నా గొంతు ఒక్కటే వినిపించింది.