అల్ ఖర్జ్‌లో జపాన్ ఆల్బమ్‌తో ఒక పరీక్ష

నవంబరు 18, శనివారం. రాజం ఎగ్జిట్‌కు, అంటే సౌదీ వదిలి వెళ్లిపోవడానికి, తొమ్మిది రోజులే ఉన్నాయి కాబట్టి, నిన్నటి ప్రయాణం గురించి ఈరోజే రాస్తున్నాను. రాజానిది జగిత్యాల దగ్గర. అల్ ఖర్జ్‌లోని ఒక పాల ఫారంలో పదకొండేళ్లుగా పాలు పితికే యంత్రాలు బాగుచేస్తున్నాడు. ఇఖామాలో, అంటే ఇక్కడి నివాస కార్డులో, మాత్రం 'ఆమిల్' అని, అంటే కూలీ అని ఉంది. స్థానికులకే ఉద్యోగాలనే నితాఖాత్ నియమం పేరుతో ఫారం పంపించేస్తున్నవాళ్లలో అతనొకడు. ఊరి దగ్గర డెయిరీలో మెకానిక్ ఉద్యోగం ఉంది కానీ, ఇక్కడ మెకానిక్‌గా చేసినట్టు కాగితం అడుగుతున్నారు. ఫారం ఇంజనీరు ఇవ్వనన్నాడు.

రాజం ఈ బ్లాగు పాఠకుడు. మా మనవరాలు వినిపించిన జపాన్ టెక్నో ఆల్బమ్ గురించి రాసినప్పుడు మీలో చాలామంది పిండిమర చప్పుడన్నారు. విదేశీ శ్రోతలైతే ఆరో పాటలో రికార్డింగ్ తప్పుందని తిట్టారు. రాజం ఒక్కడే "తప్పు కాదమ్మా, కావాలని చేసిండు" అని రాశాడు. ఆ చెవిని ఇంజనీరుకు చూపించాలనుకున్నాను.

ఉదయం ఏడింటికి రియాద్‌లో టాక్సీ ఎక్కాను. గంటంబావు దారి. నాకోసం ఆగడంతో కలిపి రానూపోనూ రెండువందల యాభై రియాళ్లు. డ్రైవరుది నిజామాబాద్. దారిలో ఆల్బమ్ పెట్టాను. రెండో పాటకే అతను బండి పక్కకు ఆపి బానెట్ ఎత్తాడు.

"ఇంజన్ల ఏందో కొట్టుకుంటుందమ్మా."

"ఇంజను కాదు నాయనా, పాట. ఎక్కు."

"గిది పాటనా! ముందుగాల చెప్పద్దా? పానం దడదడ అన్నది."

శుక్రవారమైనా ఆవులకు సెలవు ఉండదు కదా, ఇంజనీరు ఆఫీసులోనే ఉన్నాడు. ఈజిప్టు మనిషి, మర్యాదస్తుడు. రాజాన్ని పిలిపించి, నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు.

"ఇఖామాలో కూలీ అని ఉంటే మెకానిక్ అని ఎలా రాయను, మేడమ్?"

"ఇఖామా రాయించింది మీరు. పని చేసింది అతను. పరీక్ష పెట్టండి."

"పాటతోనా?"

"ముప్పైనాలుగేళ్లు లెక్కల పరీక్షలు పెట్టాను. ఇది వాటికంటే కష్టం."

రాజం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆరో పాట మోగుతున్న ఫోను ఇంజనీరు చేతిలో ఉంది. నాలుగు నిమిషాల పన్నెండో సెకనుకు రాజం వేలెత్తాడు.

"ఇగో, ఎడమది ఎనకవడ్డది. మా పల్సేటర్ గిట్ల కొడితే ఆవు పొదుగు వాస్తది. ఎనిమిది దెబ్బల్ల మల్ల కలుపుతడు."

పల్సేటరంటే రెండు వైపులా మార్చి మార్చి పాలు లాగించే భాగం. అదే మాట రాజం అరబీలో చెప్పాడు. ఇంజనీరు తానూ విన్నాడు. మొదటిసారి ఏమీ తెలియలేదు. రెండోసారి, అదే సెకనుకు, అతని చెయ్యి లేచింది. ఎనిమిది దెబ్బలు తనే బల్లమీద లెక్కపెట్టాడు.

కాగితం రాశాడు. 'మెకానిక్ సహాయకుడు' అని. తిరిగి ఇచ్చేశాను.

"ఎవరికి సహాయకుడు? ఇక్కడ ఇంకో మెకానిక్ ఉన్నాడా?"

రాజం గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఇంజనీరు కొత్త కాగితం తీసి 'మెకానిక్' అని రాశాడు.

జపాన్‌లో ఒకడు కావాలని పెట్టిన తేడాను వేలమంది తప్పన్నారు. పదకొండేళ్లు యంత్రం పక్కన నిలబడినవాడు దాన్ని పనితనమన్నాడు. ఎవరి చెవిని నమ్మాలో నాకు సందేహం లేదు. మీరు ఇలాంటి పనిమీద శుక్రవారం వెళితే, జుమ్మా నమాజుకు ముందే, పదకొండులోపు ముగించుకోండి. తర్వాత ఆఫీసులో ఎవరూ దొరకరు.

ఇక జరగాల్సినవి:

1. రేపు ఉదయం ఎనిమిదింటికి రియాద్‌లోని ఫారం హెడ్డాఫీసుకు నేను వెళతాను. కాగితం మీద ముద్ర అక్కడే పడాలి.
2. రేపు కుదరదంటే ఎల్లుండి వెళతాను. కూర్చోవడానికి కుర్చీ లేకపోతే నేనే తీసుకెళతాను.
3. ముద్ర పడేదాకా రాజం సెటిల్‌మెంట్ కాగితం మీద, అంటే తనకు రావాల్సిందంతా ముట్టిందని ఫారానికి రాసిచ్చే దానిమీద, సంతకం పెట్టడు.