పసుపు షిఫ్ట్, కుంకుమ షిఫ్ట్

ఈ మధ్య వంటలో పసుపు వేయడం మానేశాను. నా ఒళ్లో ఉన్న ఈ కంప్యూటర్ కీబోర్డులో ఎడమ షిఫ్ట్ మీద పసుపు మరక, కుడి షిఫ్ట్ మీద కుంకుమ మరక ఉన్నాయి. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతాయి. చెయ్యి రావడం లేదు.

మా సరోజత్త, అంటే నాన్న చెల్లెలు, హోసూరులో పూలకొట్ల పైన మేడగదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. బడి వదలగానే నేను ఆ మెట్లెక్కుతుంటే కింద బాగలూరు నుంచి బస్సుల్లో దిగిన గులాబీ కట్టల తడివాసన, పైకి పోయేకొద్దీ మెషీన్ నూనె వాసన, రిబ్బన్ సిరా వాసన. ధనుర్మాసపు చలికి వేళ్లు కొంకర్లు పోతే అత్త తన కాఫీగ్లాసు నా అరచేతుల మధ్య పెట్టేది. ఎండాకాలం కృష్ణగిరి మామిడికాయలు కిటికీ కింద గడ్డిలో మగ్గుతూ గదంతా తియ్యగా కమ్మేసేవి. ఉగాదికి నెయ్యి కారే ఓళిగలు తెచ్చిపెట్టి, అవి తిన్న చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటే గానీ మెషీన్ ముట్టనిచ్చేది కాదు. మెషీన్లన్నీ ఒక్కసారి టకటకమంటే కింద పూలబేరాలు కూడా గొంతు చించుకుని ఆడుకోవాల్సిందే.

ఇంగ్లీషు పెద్దక్షరం కొట్టడంలో అత్తకు ఒక పట్టింపు ఉండేది. ఎడమచేతి అక్షరమైతే కుడి చిటికెనవేలు షిఫ్ట్ నొక్కాలి, కుడిచేతి అక్షరమైతే ఎడమది. కొత్తగా చేరిన ఆడపిల్లలందరికీ పాఠానికి ముందు ఎడమ చిటికెనవేలికి తడిపసుపు, కుడిదానికి తడికుంకుమ అద్దేది. పాఠం అయ్యాక కాగితం చూసేది కాదు, వంగి రెండు షిఫ్టుల మీద మరకలు చూసేది.

"కాగితానికేం తెలుసు పాపా, ఏ యేలు నొక్కినా అక్షరం ఒకటే పడతాది. నాకు తెలియాల గదా" అనేది.

నాకేమో కుడి చిటికెనవేలి బలం చాలేది కాదు. ఆ మెషీన్ల షిఫ్ట్ నొక్కడమంటే మాటలా! అన్నిటికీ ఎడమదే నొక్కేసి, అత్త వచ్చేలోపు నా కుంకుమను చూపుడువేలితో తీసి కుడి షిఫ్ట్ మీద పూసేసేదాన్ని. తొక్కుడుబిళ్ల ఆటకు పోవాలన్న తొందర ఒకటి. అత్త వంగి చూసి, "సరే, పో" అనేది. ఎంత గడుసుదాన్నో అని మురిసిపోయేదాన్ని, నా మొహం!

ఇప్పుడు అత్త నా ఇంట్లోనే ఉంది. పెళ్లి చేసుకోలేదు, నేను తప్ప ఎవరూ లేరు. నరాల జబ్బు మాట తీసుకుపోయింది, మెడ తీసుకుపోయింది. రెప్పలు వాటంతటవే వాలిపోతాయి. రెండు చిటికెనవేళ్లు మాత్రం కదులుతున్నాయి. నేను ఇక్కడి ఫ్యాక్టరీ ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాను. కీబోర్డు మీద ఆమె చేతులు పెట్టి, ఎడమ షిఫ్ట్ నొక్కితే తెర మీద 'అవును', కుడిది నొక్కితే 'వద్దు' వచ్చేలా ఒకటి రాశాను. నా పేరు చెప్పి నేనేనా అంటే 'అవును'. ఇది హోసూరేనా అంటే 'అవును'. ఆనందం పట్టలేక ఏడ్చాను.

ఊపిరి అందడం కష్టమవుతోంది, గొంతుకు రంధ్రం చేసి గొట్టం వేయాలి, ఆమెకు ఇష్టమేనా అని డాక్టరు అడిగాడు.

"గొట్టం ఏయిస్తారంట, ఏయించుకుంటావా అత్తా?"

'అవును' అని వచ్చింది. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే. సంతకం పెట్టాను.

గొట్టంతో ఇంటికి తెచ్చిన నాలుగో రోజు ఉదయం చలికి ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. మాటవరసకు ఫ్యాను వేయనా అన్నాను. 'అవును' అంది తెర. దేవుడి గూట్లోంచి పసుపు, కుంకుమ తెచ్చి తడిపి ఆమె చిటికెనవేళ్లకు అద్ది మళ్లీ అడిగాను. తెర మీద 'అవును'. కుంకుమ మాత్రం కుడి షిఫ్ట్ మీద.

కీ నొక్కగానే నా ప్రోగ్రాముకు వచ్చే నంబరు రెండు షిఫ్టులకూ ఒకటే. నొక్కింది ఏదో తేలాలంటే వెంట వచ్చే స్కాన్ కోడ్ చూడాలి: ఎడమదానికి నలభై రెండు, కుడిదానికి యాభై నాలుగు. నేను చూడలేదు. ఏది నొక్కినా ఎడమదే అనుకుంది నా ప్రోగ్రాము. కుడిది నొక్కి పరీక్షించనైనా లేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది. జన్మలో దాన్ని నొక్కితే కదా!

అరగంటలో సరిచేశాను. అరగంట పని, అంతే. ఏం అడగాలో తెలియక, ఏ ముఖం పెట్టుకుని అడగాలో తెలియక, చివరికి ఇది అడిగాను.

"అత్తా, చిన్నప్పుడు కుంకుమ నేనే పూసేదాన్ని. నీకు తెలుసునా?"

ఎడమ వేలు కదిలింది. 'అవును'.

ఆ మేడగదిలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మెషీన్లు పాత ఇనుముకు పోయాయి. "నాకు తెలియాల గదా" అన్న గొంతులో గొట్టం ఉంది, నేను వేయించింది. తీసేయమంటావా అని అడగాలి. వారం నుంచి రోజూ ఆమె చేతులు తుడుస్తున్నాను, కీబోర్డు మీద పెడుతున్నాను, ఫ్యాను గురించి, దుప్పటి గురించి అడుగుతున్నాను. ఆ ఒక్కటీ అడగడం లేదు. ఇప్పుడు ప్రోగ్రాము నిజమే చెబుతుంది.