దసరా సెలవుల్లో కంప్యూటర్ గది

నేను ఏ బడిలోనూ కూర్చోలేదు. గద్వాలలో మాది నేతపని ఇల్లు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తూనే మా నాన్న నాకు అక్షరాలూ లెక్కలూ చెప్పాడు. చీరల డిజైన్లు గీయడానికి మా అన్న ఒక పాత కంప్యూటర్ కొంటే, దాని మీద టైపింగ్ కూడా ఇంట్లోనే నేర్చుకున్నాను. ఆ పని చూసి మా వీధి చివర ఉన్న ప్రైవేటు హైస్కూలు పెద్దసారు నన్ను కంప్యూటర్ గదిలో పనికి పెట్టుకున్నాడు. సర్టిఫికెట్ అడగలేదు. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ మేలు ఇప్పటికీ తలుచుకుంటాను.

ఆ ఏడు నాకు అప్పగించింది పదో తరగతి పిల్లల వివరాలు ఎక్కించే పని. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోటో. ఒక్కొక్కరికి ఒక ఫోల్డర్. దసరా సెలవులు కాగానే అన్నీ సీడీలో జిల్లా కేంద్రానికి చేరాలి. చేరకపోతే హాల్ టికెట్లు రావు, పిల్లలకు ఒక ఏడాది పోతుంది. హాల్ టికెట్ అన్న కాగితం నా చేతికి ఎన్నడూ రాలేదు. అందుకేనేమో ఆ పని నాకు నోములాగా ఉండేది. కంప్యూటర్ సారు జాగ్రత్త గల మనిషి. "ఒక్కదాన్ని నమ్ముకోవద్దు మేడం" అంటూ ఆ ఫోల్డర్లను మూడు కంప్యూటర్లలో పెట్టించాడు.

సెలవులిచ్చే రోజు గదిలో పూజ చేశాం. మామూలు రోజుల్లోనే ఆ గదిలోకి చెప్పులతో రానిచ్చేవాళ్లం కాదు. దుమ్ముతో వైరస్ వస్తుందని అందరి నమ్మకం. ఆ రోజైతే కాళ్లు కడుక్కుని మరీ వచ్చారు. మానిటర్లకు నేనే పసుపు, కుంకుమ పెట్టాను. మా ఇంట్లో పూజ చేసిన మగ్గాన్ని శకునానికి ఒక్కసారైనా ఆడించి లేస్తాం. ఆ మాట చెబితే పెద్దసారుకు నచ్చింది, కంప్యూటర్లతో కూడా మంచి పని ఒకటి చేయించాలన్నాడు. కంప్యూటర్ సారు బామ్మర్ది నాగర్‌కర్నూల్‌లో ఏదో నెట్ సెంటర్ నుంచి పెన్ డ్రైవ్‌లో సరస్వతీదేవి బొమ్మ తెచ్చి ఉన్నాడు. ఆ పెన్ డ్రైవ్‌ను అమ్మవారి పటం ముందు పెట్టి, హారతిచ్చి, వరసగా ఒక్కో కంప్యూటర్‌కూ తగిలించి బొమ్మను తెర మీదికి ఎక్కించారు. గదినిండా ఒకే ముఖం, ఒకే చిరునవ్వు. పెద్దసారు కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఒళ్లు పులకరించింది.

సెలవుల్లో ఒక మధ్యాహ్నం, అక్షరాలు సరిచూద్దామని ఒక్కదాన్నే బడికి వెళ్లాను. పిల్లలు లేని బడి వింతగా ఉంటుంది. వరండాలో పావురాలు మెల్లగా నడుస్తున్నాయి, నన్ను చూసి కూడా ఎగరలేదు. గదిలో కర్టెన్ల వెనక ఎండ పసుపు నీళ్లలా ఉంది.

మొదటి ఫోల్డర్ తెరిచాను. ఫోటో లేదు, వివరాలు లేవు. లోపల అదే పేరుతో ఇంకొక ఫోల్డర్. దాన్ని తెరిస్తే అందులోనూ అదే పేరు. ఇంకో పిల్లవాడిది చూశాను, అంతే. ఎంత లోపలికి పోయినా ఆ పేరే తప్ప మనిషి లేడు. ఏమైందో వెతుకుదామని సెట్టింగులు తెరవబోతే ఆ విండో తనంతట తనే మూసుకుపోయింది. మళ్లీ తెరిచాను. మళ్లీ మూసుకుంది, ఎవరో నా చేయి పట్టి వెనక్కి తీసినట్టు. రెండో కంప్యూటర్ ఆన్ చేశాను, మూడోదీ చేశాను. అన్నిట్లోనూ అంతే. ప్రతి తెర మీదా వెనక నుంచి అమ్మవారు మాత్రం అదే చిరునవ్వుతో చూస్తోంది.

బడి ఊడ్చే పెద్దమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"ఏందమ్మా, మొకం గట్ల తెల్లగైంది?"

"పిల్లల వివరాలు కనపడ్తలేవు పెద్దమ్మా."

"పూజ చేసినంక గూడ గిట్లయితదా? ఎవరి కండ్లో పడ్డయి. దిష్టి తీసి నిమ్మకాయ కోస్త, ఆగు."

వద్దనలేదు. ఆమె వెళ్లాక కళ్లు మూసుకుని మా ఇలవేల్పును తలుచుకున్నాను. కళ్లు తెరిచి, డిస్క్‌లో ఎంత జాగా ఉందో చూపించే గుండ్రటి బొమ్మ తెరిచాను. అది మూసుకోలేదు. నిండిన భాగం నీలం, ఖాళీ భాగం గులాబీ. నీలం ఏమీ తగ్గలేదు. గదులన్నీ ఖాళీ, ఇంటి బరువు మాత్రం తగ్గలేదు. లోపల ఎవరో ఉన్నట్టే. భయపడాలో సంతోషపడాలో తెలియలేదు.

సెలవులకు తన అత్తగారింటికి పోయిన కంప్యూటర్ సారుకు ఫోన్ చేశాను. "పరేషాన్ గాకు మేడం. దేన్నీ ముట్టకు. వనపర్తిల నాకు తెల్సిన పిల్లగాడు రిపేర్ షాపు నడుపుతడు, ఆడికి తీస్కపో" అన్నాడు.

మూడింట్లో ఒక కంప్యూటర్ డబ్బాను పాత చీరలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, పెబ్బేరు మీదుగా బస్సులో పోయాను. దారంతా అది నా మోకాళ్ల మీద అదురుతూనే ఉంది. లోపల ఒక తరగతి పిల్లలు నోరు మూసుకుని కూర్చున్నట్టనిపించింది.

షాపు అతను దాని డిస్క్ ఊడదీసి తన కంప్యూటర్‌కు తగిలించి కాసేపు చూశాడు.

"యాడికి పోలేదక్కా. ఆడ్నే ఉన్నయి. కనపడకుంట దాచింది, అంతే."

"మరి ఆ ఖాళీ ఫోల్డర్లేంది తమ్మీ?"

"అవి ఫోల్డర్లు కావు. వైరస్ ఆ వేషమేసుకున్నది. నువ్వు తెరిచినప్పుడల్ల దాన్ని లేపినట్టే." తేదీ చూపించాడు. "ఈ తారీకున లోపలికొచ్చింది. ఏం జేసిన్రు ఆ రోజు?"

పూజ సంగతీ, మూడు కంప్యూటర్లలో పెట్టిన సంగతీ చెప్పాను. అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. "బాగుంది. హారతిచ్చి మరీ పిల్చుకున్నరు. మూడు చోట్ల దాచిన్రు, మూడింటికీ మీ చేతుల్తోనే పెట్టిన్రు."

"అమ్మవారి బొమ్మల దోషముందా?"

"బొమ్మకేం లేదక్కా. అమ్మవారి ఎనకాల నక్కి వచ్చింది."

తర్వాత అతనేదో నొక్కాడు. తెర మీద ఫోల్డర్లు ఒక్కొక్కటే తేలాయి. మామూలు పసుపు రంగులో కాదు, వెలిసిపోయి, మంచు వెనక నిలబడ్డట్టుగా. పిల్లల పేర్లే. ఒకటి తెరిస్తే రెండు జడల పిల్ల ఫోటో కనిపించింది. చేతులు జోడించాను, ఆ పిల్లకో, దేవుడికో, ఆ షాపు అతనికో నాకే తెలియదు. అతను డబ్బులు తీసుకున్నాడు గానీ, చెప్పిన మాటకు వెల కట్టలేను. బయటి పెన్ డ్రైవ్ ఏదీ వైరస్ ఉందేమో చూడకుండా పెట్టవద్దన్నాడు. ఒక కాపీ సీడీలో తీసి కంప్యూటర్లకు దూరంగా ఉంచమన్నాడు. "ఇంకో మాటక్కా. వైరస్ తిరిగిన ఇల్లది. ఎవరిది ఎవరిదాంట్ల కల్సిందో, పంపే ముందర ఒక్కొక్కటి సూస్కో."

బడి తెరిచిన రోజే పదో తరగతి గదికి వెళ్లాను. వివరాలన్నీ కాగితాల మీద తీసి పట్టుకున్నాను. పేరు చదవడం, నిలబడ్డ ముఖాన్ని ఫోటోతో పోల్చడం, తండ్రి పేరు వాళ్ల నోటితోనే చెప్పించడం. అలా సగం తరగతి అయ్యేసరికి ఒక్కొక్క ముఖాన్నీ నేను మరీ పట్టి చూస్తున్నానని పిల్లలు కనిపెట్టారు. వెనక బెంచీలో ఒక గడుసు పిల్ల ఉండబట్టలేకపోయింది.

"ఏంది మేడం, మేమేమన్న సచ్చిపోయినమా? గట్ల సూస్తున్నరు."

తరగతంతా నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాను.

"లేదు బిడ్డా, కూసో" అన్నాను. తర్వాతి పేరు చదివాను. "ఉన్న మేడం" అంటూ ఒక పిల్ల లేచింది.